వారానికో రకం షిఫ్టులా? బ్రిటన్‌లో మీ హాలిడే గంటలు లెక్కేసుకోవడం ఎలా

బ్రిటన్‌లో కేర్ హోముల్లో, వేర్‌హౌసుల్లో, సూపర్ మార్కెట్లలో, రెస్టారెంట్లలో పనిచేసే మనవాళ్లు నలుగురు కలిస్తే తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "నాది జీరో అవర్స్ కాంట్రాక్ట్ (ఇన్ని గంటల పని అని హామీ లేనిది) కదా, నాకు హాలిడేస్ ఉంటాయా?" ఉంటాయి. జీతంతో కూడిన సెలవు హక్కు అక్కడ పర్మినెంట్ ఉద్యోగులకే కాదు, చట్టం దృష్టిలో 'వర్కర్' అయిన ప్రతి ఒక్కరికీ, మొదటి రోజు నుంచే ఉంది. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటల పరిమితిలో పనిచేసినా, డిపెండెంట్ వీసా మీద ఎన్ని గంటలైనా చేసినా అంతే.

సెలవు ఉందని తెలిసినా చాలామంది దాన్ని వాడుకోరు. ఎంత జమ అయిందో తెలియదు, అడిగితే మేనేజర్ ఏమంటాడోనని టెన్షన్. మన దగ్గర సీఎల్, ఈఎల్ అని రోజుల్లో లెక్కపెట్టడం అలవాటు. అక్కడ షిఫ్టులు మారుతూ ఉండేవాళ్లకు లెక్క గంటల్లో నడుస్తుంది. ఒక వారం 12 గంటలు, ఇంకో వారం 38 గంటలు చేసేవాళ్లకు 'ఒక రోజు సెలవు' అంటే ఎంతో ఎవరు చెప్పగలరు? గంటల్లో అయితే తేడా రాదు. నేను పేరోల్ (జీతాల లెక్క) పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఈ లెక్కను కంపెనీకి వదిలేయకండి. పే స్లిప్, రోటా (షిఫ్టుల పట్టిక), ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు, ప్రతి నెలా పది నిమిషాల్లో మీరే చేసుకోవచ్చు.

ఇక్కడ చెప్పే నియమాలు ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు వర్తిస్తాయి. ఉత్తర ఐర్లండ్‌కు వేరే నిబంధనలున్నాయి.

ముందు మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

బ్రిటన్‌లో సెలవులకు మూలం 1998 నాటి వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్. వాటి ప్రకారం ఏడాదికి కనీసం 5.6 వారాల సెలవు ఇవ్వాలి. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి అది 28 రోజులు. చట్టప్రకారం గరిష్ఠం కూడా అదే 28 రోజులు. అంతకంటే ఎక్కువ ఇస్తే అది కంపెనీ ఇష్టం.

గంటలు స్థిరంగా ఉంటే లెక్క చాలా తేలిక. వారానికి 16 గంటలు అని కాంట్రాక్ట్‌లో రాసి ఉంటే 16 × 5.6 = 89.6 గంటలు. ఒక వారం 24, తర్వాతి వారం 36, మళ్లీ 24, మళ్లీ 36 ఇలా తిరుగుతుంటే సగటు 30 గంటలు, అంటే ఏడాదికి 168 గంటలు. వారాలు వేరువేరుగా ఉన్నా ఇలాంటి రోటా ముందే ఖరారైంది కాబట్టి చట్టం దాన్ని 'మారే గంటలు' అనదు. ఇక్కడ చాలామంది పొరబడతారు.

మారే గంటల వర్కర్ అంటే, కాంట్రాక్ట్ ప్రకారం ప్రతి పే పీరియడ్‌లో డబ్బు వచ్చే గంటలు పూర్తిగా గానీ ఎక్కువ భాగం గానీ మారుతూ ఉండేవారు. జీరో అవర్స్ కాంట్రాక్ట్ వాళ్లు దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. పే పీరియడ్ అంటే మీకు జీతం పడే కాలం. వారం కావచ్చు, నాలుగు వారాలు కావచ్చు, నెల కావచ్చు. స్కూల్ టర్మ్ నడిచేటప్పుడే పని ఉండి, మధ్యలో కనీసం వారం పాటు పనీ జీతమూ లేకుండా గడిచే ఉద్యోగాలు ఇంకో కోవ. వాళ్లను పార్ట్ ఇయర్ వర్కర్లు అంటారు. వాళ్లకూ ఇదే లెక్క.

అనుమానం వస్తే కాంట్రాక్ట్ తెరిచి చూడండి. 2020 ఏప్రిల్ 6 నుంచి ప్రతి వర్కర్‌కూ పని షరతుల రాతపూర్వక వివరం మొదటి రోజే ఇవ్వాలి. అందులో సెలవు ఎంతో, దాన్ని ఎలా లెక్కేస్తారో కూడా ఉండాలి. 16 గంటలు గ్యారంటీ అని రాసి అప్పుడప్పుడు ఓవర్‌టైమ్ ఇస్తుంటే మీరు స్థిర గంటల కోవలోనే ఉంటారు. గ్యారంటీ నాలుగు గంటలే ఉండి మిగతాదంతా ఏ వారానికి ఆ వారం తేలేదైతే మారే గంటల కిందికి వస్తారు. మధ్యలో ఎక్కడో ఉంటే హెచ్ఆర్‌కు ఒక ఈమెయిల్ పెట్టండి. "సెలవుల కోసం నన్ను ఏ కోవలో చూస్తున్నారు?" అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

12.07 అనే అంకె

ఎవరిని అడిగినా "పన్నెండు పాయింట్ సున్నా ఏడు శాతం" అంటారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి అర్థం చేసుకుంటే ఇక మరచిపోరు. ఏడాదికి 52 వారాలు. అందులో 5.6 వారాలు సెలవు పోతే పనిచేసేవి 46.4 వారాలు. 5.6ను 46.4తో భాగిస్తే 0.1207. అంటే పనిచేసిన ప్రతి 100 గంటలకూ సుమారు 12 గంటల సెలవు జమ అవుతుంది.

మరి ఇంటర్నెట్‌లో కొన్నిచోట్ల 12.07 వాడటం చట్టవిరుద్ధమని ఎందుకు కనిపిస్తుంది? కొంతకాలం అది నిజమే. 2022 జులై 20న హార్పర్ ట్రస్ట్, బ్రేజెల్ కేసులో బ్రిటన్ సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. టర్మ్ టైమ్‌లో మాత్రమే పనిచేసే ఒక సంగీతం టీచర్ కేసు అది. ఏడాది పొడుగునా కాంట్రాక్ట్‌లో ఉన్నవారికి పనిచేసిన వారాల నిష్పత్తిలో సెలవు తగ్గించకూడదని, పూర్తిగా 5.6 వారాలు ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆ తర్వాత ప్రభుత్వం 2023లో నిబంధనలు సవరించింది. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన సెలవు సంవత్సరాలకు, మారే గంటల వాళ్లకూ పార్ట్ ఇయర్ వాళ్లకూ 12.07 శాతమే చట్టబద్ధమైన లెక్క అయింది. కాబట్టి ఏ సలహా చదివినా దాని తేదీ చూడండి. 2022, 2023ల్లో రాసినది మీకు పనికిరాదు.

ఇంకో జాగ్రత్త. కొన్ని కంపెనీలు 28 రోజుల కంటే ఎక్కువ సెలవు ఇస్తాయి. అలాంటిచోట శాతం కూడా పెరగాలి. ఉదాహరణకు ఏడాదికి 6.6 వారాలు ఇస్తామని మీ కాంట్రాక్ట్‌లో ఉంటే 6.6ను 45.4తో భాగించాలి, 14.54 శాతం వస్తుంది.

నెలనెలా గంటలు జమ చేయడం

లెస్టర్‌లో ఒక కేర్ హోమ్‌లో డిపెండెంట్ వీసా మీద పనిచేసే అమ్మాయిని ఊహించుకుందాం. జీతం నెలకోసారి. సెలవు సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. రోటా వాట్సాప్ గ్రూప్‌లో వస్తుంది. ఆమె పనిచేసిన గంటలు ఇవి: ఏప్రిల్‌లో 74, మేలో 62, జూన్‌లో 118.5, జులైలో 131.

ఏప్రిల్: 74 × 12.07 ÷ 100 = 8.93. రౌండ్ చేస్తే 9 గంటలు.
మే: 62కు 7.48. రౌండ్ చేస్తే 7 గంటలు.
జూన్: 118.5కు 14.30. అంటే 14 గంటలు.
జులై: 131కు 15.81. అంటే 16 గంటలు.

మొత్తం 46 గంటలు. రౌండ్ చేయడానికి నియమం నిబంధనల్లోనే ఉంది. అరగంట కంటే తక్కువ మిగిలితే వదిలేస్తారు, అరగంట గానీ అంతకంటే ఎక్కువ గానీ మిగిలితే గంటగా లెక్కేస్తారు. జమ అయ్యేది పే పీరియడ్ చివరి రోజున. అంటే జులైలో చేసిన గంటలకు సెలవు జులై 31న ఖాతాలో పడుతుంది.

నాలుగు నెలల గంటలు కూడితే 385.5. దాని మీద ఒకేసారి 12.07 శాతం వేస్తే 46.53 వస్తుంది, రౌండ్ చేస్తే 47. నెలనెలా చేస్తే 46. అది రౌండింగ్ వల్ల వచ్చిన తేడా, మోసం కాదు. ఒక నెల పోయింది ఇంకో నెల కలిసివస్తుంది. మీ లెక్కకూ కంపెనీ లెక్కకూ గంటో రెండు గంటలో తేడా ఉంటే ముందు రౌండింగ్ చూడండి. పది గంటలు తేడా ఉంటే మాత్రం ఏదో నెల గంటలు ఎక్కలేదని అర్థం.

నోట్‌బుక్‌లో గానీ ఫోన్‌లోని షీట్‌లో గానీ ఐదు గడులు చాలు: నెల, పనిచేసిన గంటలు, జమ అయిన సెలవు, వాడిన సెలవు, మిగులు. రోటా వాట్సాప్‌లో వస్తే ప్రతి వారం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేనేజర్ మారినా, గ్రూప్ డిలీట్ అయినా, ఉద్యోగం మానేశాక మిమ్మల్ని గ్రూప్ నుంచి తీసేసినా సాక్ష్యం మీ దగ్గర ఉంటుంది. చివరి నిమిషంలో ఎవరికో బదులు చేసిన షిఫ్టులు రోటాలో ఉండవు, పే స్లిప్‌లోనూ తప్పిపోతుంటాయి. వాటిని అదే రోజు రాసుకోండి.

పే స్లిప్ మీద గంటల సంఖ్య కనబడకపోతే అడగండి. 2019 ఏప్రిల్ 6 నుంచి, పనిచేసిన సమయాన్ని బట్టి జీతం మారేవారి పే స్లిప్‌లో ఆ గంటల సంఖ్య చూపడం తప్పనిసరి.

ఏ గంటలు లెక్కలోకి వస్తాయి?

పనిచేసిన గంటలన్నీ వస్తాయి. ఓవర్‌టైమ్ వస్తుంది, కంపెనీ రమ్మన్న ట్రైనింగ్ వస్తుంది. హోమ్ కేర్‌లో ఒక క్లయింట్ ఇంటి నుంచి మరో క్లయింట్ ఇంటికి వెళ్లే ప్రయాణం కూడా పనిలో భాగమే. దాన్ని వదిలేసి క్లయింట్ల ఇళ్లలో గడిపిన అరగంటలు మాత్రమే కూడితే, నెలాఖరుకు జీతమూ తగ్గుతుంది, సెలవూ తగ్గుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఈ ఒక్క వాక్యం మళ్లీ చదవండి.

జీతం లేని బ్రేక్ రాదు. సెలవులో గడిపిన గంటల మీద మళ్లీ సెలవు పుట్టదు. 46.4 వారాలతో భాగించడం అందుకే, సెలవు వారాలు అందులోంచి ముందే తీసేశారు.

ఇక సెలవు పెడితే ఎన్ని గంటలు తగ్గుతాయి? రోటా వచ్చాక ఎనిమిది గంటల షిఫ్ట్ ఉన్న రోజున సెలవు పెడితే ఎనిమిది తగ్గిస్తారు. రోటా ఇంకా వేయని వారమంతా కావాలంటే మీ సగటు వారపు గంటలు తగ్గించడం మామూలు పద్ధతి. మీ దగ్గర ఏది నడుస్తుందో ముందే కనుక్కోండి. పన్నెండు గంటల షిఫ్టులుండే నర్సింగ్ హోముల్లో ఇది బాగా తేడా తెస్తుంది.

సెలవుకు డబ్బెంత: 52 వారాల సగటు

గంటలు జమ అయ్యాయి. సెలవు తీసుకున్నప్పుడు ఎంత ఇవ్వాలి? ఇది వేరే లెక్క. చాలామంది నష్టపోయేది ఇక్కడే.

"గంటకు నీ బేసిక్ రేటు 13 పౌండ్లు, సెలవుకూ అంతే" అంటే సరిపోదు. వీకెండ్‌కు, రాత్రి షిఫ్టులకు ఎక్కువ రేటు వస్తుంటే అది కూడా సగటులో కలవాలి. తరచూ చేసే ఓవర్‌టైమ్, కమీషన్ కూడా అంతే. సెలవు పెడితే జీతం తగ్గుతుందని మనిషి సెలవే మానేయకూడదన్నది దీని వెనక ఉన్న ఉద్దేశం.

పద్ధతి ఇది. సెలవుకు ముందు, జీతం వచ్చిన 52 వారాలు తీసుకోవాలి. జీతం లేని వారాలను దాటేసి ఇంకా వెనక్కి వెళ్లాలి, గరిష్ఠంగా 104 వారాల వరకు. జబ్బు సెలవు, ప్రసూతి సెలవు లాంటివి ఉన్న వారాలనూ వదిలేయాలి. పనిలో చేరి ఏడాది కాకపోతే ఇప్పటిదాకా ఉన్న పూర్తి వారాలతోనే సగటు తీస్తారు. 2020 ఏప్రిల్ 6కు ముందు ఇది 12 వారాల సగటుగా ఉండేది. ఇప్పటికీ ఎవరైనా 12 వారాలు అంటే పాత పద్ధతి పట్టుకుని ఉన్నారన్నమాట.

మన లెస్టర్ అమ్మాయికి జీతం వచ్చిన 52 వారాల్లో అందినది 16,120 పౌండ్లు అనుకుందాం. బేసిక్ 13 పౌండ్లు, వీకెండ్‌లో 15. మధ్యలో ఇండియా వచ్చి ఐదు వారాలు జీతం లేకుండా ఉంది కాబట్టి 57 వారాలు వెనక్కి వెళ్లారు. 16,120 ÷ 52 = వారానికి 310 పౌండ్లు. అదే వారాల్లో మొత్తం పని 1,196 గంటలు, అంటే వారానికి 23. 310ని 23తో భాగిస్తే గంటకు 13.48 పౌండ్లు.

జులై చివరికి జమ అయిన 46 గంటలు ఆమెకు సరిగ్గా రెండు వారాలు. రెండు వారాల సెలవుకు 620 పౌండ్లు రావాలి. బేసిక్ రేటుతో ఇస్తే 598 వస్తుంది. 22 పౌండ్లు చిన్న మొత్తమే అనిపించవచ్చు. రాత్రి షిఫ్టులు ఎక్కువ చేసేవారికి ఈ తేడా అంతకంతకు పెరుగుతుంది, పైగా ప్రతి సెలవుకూ వస్తుంది.

ఐదు ఖాళీ వారాలను దాటేయకుండా సున్నాలుగా కలిపేస్తే ఏమవుతుందో కూడా చూడండి. సగటు పడిపోతుంది. ఊరికి వెళ్లి వచ్చిన తర్వాత తీసుకునే సెలవుకు డబ్బు తక్కువ పడితే మొదట అనుమానించాల్సింది ఇదే.

రోల్డ్ అప్ హాలిడే పే: పే స్లిప్ మీద వేరే గీత ఉందా?

కొన్ని కంపెనీలు సెలవు తీసుకున్నప్పుడు కాకుండా ప్రతి జీతంతోనే 12.07 శాతం అదనంగా ఇచ్చేస్తాయి. దాన్నే రోల్డ్ అప్ హాలిడే పే అంటారు. ఏజెన్సీల ద్వారా వేర్‌హౌస్ పనికి వెళ్లేవాళ్లకు ఇది బాగా కనిపిస్తుంది. కొత్త నిబంధనలతో మారే గంటల వాళ్లకూ పార్ట్ ఇయర్ వాళ్లకూ ఇది చట్టబద్ధమైంది. స్థిర గంటల వాళ్లకు ఇలా చేయడానికి వీల్లేదు.

లెక్క సూటిగా ఉంటుంది. జులైలో 131 గంటలకు గంటకు 13 పౌండ్ల చొప్పున 1,703. అందులో 20 గంటలు వీకెండ్‌వి కాబట్టి మరో 40 పౌండ్లు. మొత్తం 1,743. దాని మీద 12.07 శాతం అంటే 210.38 పౌండ్లు. ఇది పే స్లిప్‌లో 'హాలిడే పే' అని విడిగా కనబడాలి, ఆ నెల జీతంతో పాటే పడాలి.

విడిగా కనబడకుండా "నీ రేటులోనే హాలిడే పే కలిసి ఉంది" అంటే ఒప్పుకోకండి. 2026 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు, ఆపైన ఉన్నవారికి కనీస వేతనం గంటకు 12.71 పౌండ్లు. హాలిడే పేతో కలిపి 13 పౌండ్లు ఇస్తున్నామంటే, 13ను 1.1207తో భాగించండి. పనికి పడేది 11.60 పౌండ్లే. హాలిడే పేను కనీస వేతనంలో కలిపి చూపకూడదు, కాబట్టి అక్కడ ఒకటి కాదు, రెండు తప్పులున్నట్టు.

రోల్డ్ అప్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. డబ్బు ముందే వస్తుంది కాబట్టి సెలవు పెట్టిన వారం జీతం పడదు. నెలనెలా వచ్చే ఆ 12 శాతాన్ని అద్దెకూ సరుకులకూ ఖర్చుపెట్టేస్తే, ఊరికి టికెట్ కొనే నాటికి చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు సెలవు తీసుకోవడమే మానేస్తారు. వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెంటనే మార్చేయండి. డబ్బు ముందే ఇచ్చారు కాబట్టి సెలవు అడగకూడదన్న మాటలో నిజం లేదు. గంటలు జమ అవుతూనే ఉంటాయి, విశ్రాంతి తీసుకునే హక్కు అలాగే ఉంటుంది.

సెలవు అడిగేటప్పుడు

కాంట్రాక్ట్‌లో వేరే నియమం లేకపోతే, ఎన్ని రోజుల సెలవు కావాలో దానికి రెట్టింపు రోజుల ముందు చెప్పాలి. సంక్రాంతికి మూడు వారాలు ఊరెళ్లాలంటే ఆరు వారాల ముందు. కాదనాలనుకుంటే యజమాని కనీసం మూడు వారాల ముందు చెప్పాలి. పని ఒత్తిడి ఉందని ఆ తేదీలు వద్దనవచ్చు. ఏడాదంతా తిప్పించుకుని సెలవే ఇవ్వకుండా ఉండటం మాత్రం కుదరదు.

ఉగాది, దసరా, దీపావళి అక్కడ బ్యాంక్ హాలిడేస్ (ప్రభుత్వ సెలవు రోజులు) కావు. క్రిస్మస్, ఈస్టర్ లాంటి బ్యాంక్ హాలిడేస్‌కు కూడా జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. యజమాని వాటిని మీ 5.6 వారాల్లోనే కలిపి చూపవచ్చు. క్రిస్మస్‌కు రెస్టారెంట్ మూసి, ముందుగా నోటీసు ఇచ్చి, ఆ రోజులు మీ సెలవులోంచి తీసుకోమనడానికీ వీలుంది. ఊరి ప్రయాణం కోసం గంటలు దాచుకునేవారు డిసెంబర్‌లో ఎన్ని పోతాయో ముందే అడిగి తెలుసుకోండి.

అనుమతి ఫోన్లో కాదు, ఈమెయిల్‌లో గానీ యాప్‌లో గానీ ఉండాలి. అది వచ్చాకే టికెట్ బుక్ చేయండి.

సంవత్సరం చివరికి గంటలు మిగిలితే? మామూలుగా వాడుకోకపోతే పోతాయి. అయితే సెలవు తీసుకునే అవకాశం యజమాని ఇవ్వకపోయినా, తీసుకోమని ప్రోత్సహించకపోయినా, వాడకపోతే పోతాయని చెప్పకపోయినా అవి వచ్చే ఏడాదికి వెళతాయి. ఈ నియమం 2024 జనవరి 1 నుంచి నిబంధనల్లో స్పష్టంగా ఉంది. "మాకు అలాంటి పాలసీ లేదు" అన్నంత మాత్రాన ఇది చెల్లకుండా పోదు.

జబ్బు చేసినా, ప్రసూతి సెలవులో ఉన్నా

పని చేయకపోయినా ఈ కాలంలో సెలవు జమ అవుతూనే ఉంటుంది. గంటలు లేవు కదా, దేని మీద 12.07? అంతకు ముందు 52 వారాల్లో వారానికి సగటున ఎన్ని గంటలు చేశారో తీసి, దాని మీద వేస్తారు. సగటు 20 గంటలైతే వారానికి 2.41 గంటలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. హాలిడే పే సగటులో ఖాళీ వారాలు దాటేస్తారని చెప్పాను కదా, ఈ సగటులో మాత్రం వాటినీ కలుపుతారు. జబ్బు, ప్రసూతి లాంటి సెలవు వారాలను మాత్రమే వదిలేస్తారు. ప్రసూతి సెలవు వల్ల వాడుకోలేని గంటలు వచ్చే ఏడాదికి వెళతాయి. తిరిగి పనిలో చేరే ముందు ఆ గంటలు పే స్లిప్‌లోనో యాప్‌లోనో కనబడుతున్నాయో లేదో చూసుకోండి.

మీరే షాపో రెస్టారెంటో నడుపుతుంటే

హోటల్ పెట్టి నలుగురైదుగురు విద్యార్థులకు పని ఇచ్చిన మనవాళ్లకు కూడా ఒక మాట. "తెలిసినవాళ్ల పిల్లలే కదా" అని కాంట్రాక్ట్ లేకుండా, సెలవు లెక్క లేకుండా నడిపితే ఇద్దరికీ మంచిది కాదు. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో 12.07 అని ఒక్కసారి పెట్టుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది. గంటలు జమ చేసే పద్ధతా, రోల్డ్ అప్పా అన్నది ముందే తేల్చి కాంట్రాక్ట్‌లో రాయండి. మధ్యలో మార్చాలంటే పనివాళ్లతో మాట్లాడి, ఒప్పించి మార్చాలి. రోల్డ్ అప్ అయితే 12.07ను బేసిక్ మీదే కాకుండా, ఆ కాలంలో పనికి ఇచ్చిన మొత్తం మీద వేయాలి. సెలవు తీసుకోమని ఏడాదిలో ఒకటి రెండుసార్లైనా మెసేజ్ పెట్టి, ఆ మెసేజ్ దాచుకోండి. చేయాల్సింది చేశారనడానికి రేపు అదే ఆధారం.

ఉద్యోగం మానేసేటప్పుడు

సెలవుకు బదులు డబ్బు ఇచ్చేయడం మామూలుగా కుదరదు. పని మానేసేటప్పుడు మాత్రం వాడని చట్టబద్ధమైన సెలవుకు డబ్బు ఇవ్వాల్సిందే. రాజీనామా చేసినా, వాళ్లే తీసేసినా అంతే. చదువు అయిపోయి వేరే ఊరికి మారిపోయే విద్యార్థులు దీన్ని అడగకుండానే వెళ్లిపోతుంటారు. రోల్డ్ అప్ లేనివాళ్లయితే చివరి పే స్లిప్‌లో మూడు సంగతులు చూడండి. ఆఖరి నెల గంటల మీద సెలవు జమ అయిందా, మిగులు గంటలు మీ షీట్‌తో సరిపోయాయా, రేటు 52 వారాల సగటు ప్రకారమే ఉందా. జమ అయినదానికి మించి ముందే సెలవు తీసుకుని ఉంటే, ఆ డబ్బు చివరి జీతంలోంచి పట్టుకోవాలంటే ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి.

తేడా కనిపిస్తే మొదట పేరోల్‌కు ఈమెయిల్ రాయండి. కోపంగా కాదు, అంకెలతో. "ఏప్రిల్ నుంచి జులై వరకు నా గంటలు 385.5. నెలనెలా 12.07 శాతం వేసి రౌండ్ చేస్తే 46 గంటలు వస్తున్నాయి. మీ రికార్డులో 31 ఉంది. ఏ నెలలో తేడా ఉందో చెప్పగలరా?" ఇలా అడిగితే చాలాసార్లు ఒక్క మెయిల్‌తోనే సర్దుబాటు అవుతుంది, ఎందుకంటే ఎక్కువ భాగం టైమ్ షీట్ ఎక్కకపోవడం వల్ల వచ్చే తేడాలే. జవాబు రాకపోతే గ్రీవెన్స్ (కంపెనీకి రాతపూర్వక ఫిర్యాదు) పెట్టండి.

అప్పటికీ తేలకపోతే ఏకాస్ అనే ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది. హెల్ప్‌లైన్ నంబర్ 0300 123 1100. ఉద్యోగ వివాదాలు తేల్చే ఎంప్లాయిమెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలన్నా ముందు ఏకాస్ దగ్గర రాజీ ప్రయత్నం మొదలుపెట్టాల్సిందే. ఇక్కడ గడువు చాలా ముఖ్యం. ఎంతోకాలంగా అది డబ్బు తక్కువ పడిన తేదీ నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ. 2025 నాటి కొత్త ఉద్యోగ హక్కుల చట్టం దాన్ని ఆరు నెలలకు పెంచుతోంది. మీ విషయంలో ఏది వర్తిస్తుందో ఏకాస్ చెబుతుంది. అప్పటిదాకా మూడు నెలలే అనుకుని కదలండి. డబ్బు తక్కువ పడిన తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, ఈమెయిల్స్, రోటా స్క్రీన్‌షాట్లు, పే స్లిప్‌లు ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఫోన్ చేయండి.